విద్యుత్ ద్విచక్ర వాహనాల ఉపసంహరణ (2022)

బ్యాటరీలు మండే ప్రమాదం వలన 2022లో భారతదేశంలో పలు సంస్థలు తమ విద్యుత్ స్కూటర్లను తనిఖీ, మరమ్మత్తుల కొరకు వెనక్కి పిలిపించినవి. దీనినే ఉపసంహరణ లేదా రీకాల్ అంటారు. ఈ పరిణామాలకు దారితీసిన ప్రాణాంతక ప్రమాదాలలో కొన్ని తెలుగు రాష్ట్రాలలోను, చిత్తూరు జిల్లాకు ఆనుకొని ఉన్న వేలూరులోను జరిగినవి.

కారణము

ఈ వాహనాలలో లిథియం అయాన్ బ్యాటరీలు వాడతారు. ఒక బ్యాటరీలో అనేక సెల్లులు ఉంటాయి. తయారీ లోపము, షార్ట్ సర్క్యూట్, అతిగా చార్జింగ్ చేయుట మొదలైన కారణాలతో ఒక సెల్లు వేడెక్కితే, ఆ వేడి పక్క సెల్లులకు పాకి బ్యాటరీ అంతా మండుతుంది. దీనిని థర్మల్ రన్‌అవే అంటారు. మండే సమయంలో విషవాయువులు వెలువడుట వలన మూసి ఉన్న గదులలో ప్రాణహాని ఎక్కువ.

ప్రమాదాలు

* వేలూరు: 2022 మార్చి చివరి వారంలో రాత్రివేళ ఇంటివద్ద చార్జింగ్‌లో ఉన్న స్కూటరు మండి, పొగకు ఊపిరాడక తండ్రీకూతుళ్ళు మరణించారు.
* నిజామాబాదు: ఏప్రిల్‌లో ఇంటిలో చార్జింగ్‌లో పెట్టిన బ్యాటరీ పేలి 80 ఏళ్ళ వృద్ధుడు మరణించాడు.
* విజయవాడ: ఏప్రిల్ 23న పడకగదిలో చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పేలి ఒకరు మరణించారు.
* సికింద్రాబాదు: సెప్టెంబరు 12న విద్యుత్ స్కూటర్ల షోరూములో మొదలైన మంటల పొగ పైనున్న హోటలుకు వ్యాపించి 8 మంది మరణించారు.

మొదటి మూడు ఘటనలలోను బ్యాటరీ ఇంటివద్ద చార్జింగ్‌లోనే ఉన్నది.

ఉపసంహరణలు

2022 ఏప్రిల్‌లో ఒకినావా సంస్థ 3,215, హైదరాబాదుకు చెందిన ప్యూర్ ఈవీ సుమారు 2,000, ఓలా ఎలక్ట్రిక్ 1,441 స్కూటర్లను వెనక్కి పిలిపించినవి. ప్యూర్ ఈవీ ప్రకటన నిజామాబాదు ఘటన జరిగిన కొద్దిరోజులకే వెలువడినది. అదే సంవత్సరం అమెరికాలో క్రైస్లర్ పసిఫికా ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్లను కూడా ఇదే కారణంతో వెనక్కి పిలిపించి, వాటిని భవనాలకు దూరంగా ఆరుబయట నిలపవలెనని యజమానులకు సూచించినారు.

చట్టము, ప్రమాణాలు

2019 మోటారు వాహనాల సవరణ చట్టములోని 110ఏ సెక్షను ప్రకారం, లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించవలెనని కేంద్ర ప్రభుత్వం తయారీదారును ఆదేశించవచ్చును. ఈ నిబంధన 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. లోపాన్ని తానే గుర్తించి ఉపసంహరణ ప్రారంభించిన తయారీదారుకు జరిమానా ఉండదు. 2022 ఏప్రిల్‌నాటి ఉపసంహరణలు సంస్థలు స్వచ్ఛందంగా ప్రకటించినవే.

ఉపసంహరణ అప్పటికే అమ్ముడైన వాహనాలకు మాత్రమే వర్తించును; యజమాని వాహనాన్ని తీసుకొని రానిచో లోపము అలాగే మిగిలిపోవును. అందువలన కొత్త వాహనాల బ్యాటరీ పరీక్షలను కఠినతరం చేస్తూ ఏఐఎస్-156 ప్రమాణాన్ని సవరించినారు. సెల్లుల మధ్య తగిన దూరము, ఉష్ణోగ్రతను గమనించే సెన్సారులు, లోపలి ఒత్తిడి వెలుపలికి పోవు మార్గము వంటివి ఇందులో చేర్చబడినవి. ఇవి 2022 డిసెంబరు 1, 2023 మార్చి 31 తేదీలనుండి రెండు దశలలో అమలులోనికి వచ్చినవి.

ఇవి కూడా చూడండి

* విద్యుత్ వాహనం
* లిథియం అయాన్ బ్యాటరీ