మార్కెట్ అంకెల సంగీతం

షేర్ల ధరలను, లావాదేవీల పరిమాణాన్ని ఒక నియమం ప్రకారం స్వరాలుగా మార్చే ధ్వని కళ ఇది. గణాంకాలను చెవికి అందించే పద్ధతులపై తొలి అంతర్జాతీయ సదస్సు 1992లో అమెరికాలోని శాంటా ఫేలో జరిగింది. ఈ కళ బలం రాగంలో కంటే కాలంలో ఉందనడానికి బిట్‌లిసన్ అనే వెబ్‌సైట్ మంచి ఆధారం. అందులో బిట్‌కాయిన్ లావాదేవీలు జరుగుతున్న కొద్దీ స్వరాలు మోగుతాయి. మొత్తం పెద్దదైతే స్వరం మంద్రానికి దిగుతుంది. శ్రోతకు అందేది మార్కెట్ రద్దీ: స్వరాలు ఎంత దట్టంగా కురుస్తున్నాయి, ఎక్కడ నిశ్శబ్దం పడింది అన్నవి. ఈ ఎడాలను, గుంపులను చెవి చటుక్కున పట్టుకుంటుంది.

ఈ సంగీతంలోని మాధుర్యం మార్కెట్‌ది కాదు, స్వరాలను ఎంచుకున్న కళాకారుడిది అనే అభ్యంతరం ఉంది. అది నిజమే. మోహన రాగంలోని ఐదు స్వరాలకు ఏ అంకెలను కట్టినా వినసొంపుగానే ఉంటాయి. అయితే గ్రాఫు గీసేవారూ కొలమానాన్ని తామే ఎంచుకుంటారు. అంతమాత్రాన గ్రాఫు అబద్ధం కాదు. ఎంపిక ఏమిటో శ్రోతకు తెలియజేయడమే ఇక్కడ నిజాయితీ. జనాల నష్టాన్ని కళాకారులు వినోదంగా మారుస్తున్నారన్నది ఇంతకంటే బరువైన విమర్శ. జర్మన్ స్వరకర్త యోహానెస్ క్రైడ్లర్ 2009లో చేసిన ‘చార్ట్స్ మ్యూజిక్’ దీనికి గట్టి జవాబు. అది ప్రత్యక్ష సమాచారంతో చేసింది కాదు. ఆర్థిక సంక్షోభంలో కూలిన షేర్ల గ్రాఫులనే బాణీలుగా తీసుకుంది. వాటికి మైక్రోసాఫ్ట్ సాంగ్‌స్మిత్ సాఫ్ట్‌వేర్ హుషారైన వాద్య సహకారం జతచేసింది. పతనానికీ ఆ హుషారుకూ పొత్తు కుదరకపోవడమే శ్రోతను కలవరపెడుతుంది.