లండన్ ఫ్లయింగ్ స్క్వాడ్: మోటారు కార్లు, ముఠాలు, ఒక పోలీసు ప్రయోగం

1. పరిచయం

'ఫ్లయింగ్ స్క్వాడ్' అనే మాట మీకు కొత్త కాదు. చెప్పాపెట్టకుండా పరీక్ష హాలులోకి వచ్చే తనిఖీ బృందాన్నీ, ఎన్నికల సమయంలో రోడ్లపై వాహనాలను సోదా చేసే బృందాన్నీ మనం ఆ పేరుతోనే పిలుస్తాం. ఈ పేరుకు ప్రపంచమంతటా ప్రసిద్ధి తెచ్చినది లండన్ పోలీసు శాఖలో 1919లో ఏర్పడిన ఒక చిన్న విభాగం. దొంగ కార్లలో తిరిగే దోపిడీదారులనూ, వ్యవస్థీకృత ముఠాలనూ ఎదుర్కోవడానికి అది పుట్టింది. దానికి ఇచ్చిన స్వేచ్ఛ ఎలా విజయాన్నిచ్చిందో, అదే స్వేచ్ఛ తరువాత దానికి ఎలా మచ్చ తెచ్చిందో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

2. నేపథ్యం

1829లో రాబర్ట్ పీల్ చొరవతో లండన్ మెట్రోపాలిటన్ పోలీసు ఏర్పడింది. నగరాన్ని డివిజన్లుగా విభజించారు. ప్రతి కానిస్టేబులూ తనకు కేటాయించిన వీధుల్లో కాలినడకన గస్తీ తిరిగేవాడు. దొంగ కూడా నడిచో, పరుగెత్తో పారిపోవలసినంత కాలం ఈ ఏర్పాటు బాగానే పనిచేసింది. తన వీధుల్లోని పాత నేరస్థులను కానిస్టేబులు ముఖం చూసి గుర్తుపట్టగలిగేవాడు.

మోటారు కారు ఈ పరిస్థితిని మార్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వేలాది యువకులు వాహనాలు నడపడం నేర్చుకున్నారు. 1918లో యుద్ధం ముగిశాక వారు తిరిగి వచ్చారు. ఆ ఏడాదీ, ఆ మరుసటి ఏడాదీ లండన్ పోలీసులే సమ్మెకు దిగారు. యుద్ధం వల్లనే నేరాలు పెరిగాయా అన్నది చర్చనీయాంశమే కాని, నేరస్థుని వేగం పెరిగిందన్నది నిర్వివాదాంశం. దొంగిలించిన కారులో రావడం, నగల దుకాణం అద్దం పగులగొట్టడం, చేతికందినది తీసుకొని పోవడం, కారును దూరంగా ఏదో సందులో వదిలేయడం దోపిడీదారుల పద్ధతిగా మారింది. కానిస్టేబులు ఈల వేసేలోగా కారు మరో డివిజన్‌లో ఉండేది. పోలీసుల హద్దులు దొంగలకు రక్షణగా మారాయి.

3. స్క్వాడ్ ఆవిర్భావం

ఈ సమస్యకు పరిష్కారంగా 1919 అక్టోబరులో ఒక ప్రయోగం మొదలైంది. తూర్పు లండన్‌లో దీర్ఘకాలం పనిచేసిన డిటెక్టివ్ ఫ్రెడరిక్ వెన్స్‌లీ దీనికి మూలపురుషుడు. 12 మంది డిటెక్టివ్‌లను ఎంపిక చేసి, వారికి డివిజన్ హద్దులతో నిమిత్తం లేకుండా నగరమంతటా తిరిగే అధికారం ఇచ్చారు. విశేషమేమంటే, మోటారు దొంగలను పట్టే ఈ బృందపు తొలి వాహనం గుర్రపు బండి. గ్రేట్ వెస్టర్న్ రైల్వే నుంచి అద్దెకు తెచ్చిన ఆ బండి పైకప్పు గుడ్డకు చిన్న రంధ్రాలు చేసి, లోపల కూర్చొని జేబుదొంగలనూ దోపిడీదారులనూ గమనించేవారు.

1920లో సైనిక వైమానిక దళం వాడిన రెండు క్రాస్లీ మోటారు వాహనాలు వారికి లభించాయి. ఒక పత్రికా విలేఖరి రాతతో 'ఫ్లయింగ్ స్క్వాడ్' అనే పేరు స్థిరపడింది. 1920లలోనే వాహనాల్లో వైర్‌లెస్ పరికరాలను అమర్చారు. అంటే వేగం, సమాచారం, హద్దుల్లేని అధికారం అనే మూడూ ఒకేచోట చేరాయి.

4. చట్టంలోని లోపం

కారు దొంగను పట్టుకున్నంత మాత్రాన శిక్ష పడేది కాదు. 1916 నాటి ఇంగ్లండు చట్టం ప్రకారం, వస్తువును యజమానికి శాశ్వతంగా దక్కకుండా చేసే ఉద్దేశం ఉంటేనే అది దొంగతనం. కారును కొంతసేపు వాడుకొని రోడ్డు మీద వదిలేసినవాడిపై ఆ ఉద్దేశాన్ని రుజువు చేయడం కష్టం. 1930 రోడ్డు ట్రాఫిక్ చట్టం, యజమాని అనుమతి లేకుండా వాహనాన్ని తీసుకుపోవడాన్నే ప్రత్యేక నేరంగా ప్రకటించి ఈ లోపాన్ని సరిదిద్దింది.

ఇక్కడ భారతదేశంతో పోల్చి చూడండి. 1860 భారతీయ శిక్షాస్మృతిలోని 378వ సెక్షన్ శాశ్వతంగా కాజేసే ఉద్దేశాన్ని కోరలేదు. తాత్కాలికంగా తీసుకుపోయినా దొంగతనమే కావచ్చునని 1957లో సుప్రీంకోర్టు ఒక విమానం కేసులో స్పష్టం చేసింది. అంటే లండన్ పోలీసులను ఇబ్బంది పెట్టిన ఈ చిక్కు, బ్రిటిష్ వారే మనకు రాసిచ్చిన చట్టంలో లేదు.

5. ముఠాలతో పోరాటం

1920లలో గుర్రప్పందేల మైదానాలు ముఠాలకు ఆదాయ వనరులయ్యాయి. లండన్‌లోని డార్బీ సబీనీ ముఠా, బిల్లీ కింబర్ నాయకత్వంలోని బర్మింగ్‌హామ్ ముఠా వాటిపై ఆధిపత్యం కోసం తలపడ్డాయి. పందేలు కట్టించుకొనే బుకీలు సుద్దముక్కలకూ, బోర్డు తుడిచే స్పాంజికీ కూడా ముఠాకు చెప్పినంత ధర చెల్లించవలసి వచ్చేది. అది వాస్తవానికి మామూలు వసూలు. భయంతో బాధితులు సాక్ష్యం చెప్పకపోవడం పోలీసులకు పెద్ద అడ్డంకి. 1936లో లూయిస్ మైదానంలో జరిగిన దాడి తరువాత 16 మందికి శిక్షలు పడ్డాయి. అయితే సబీనీ ప్రాబల్యం తగ్గడానికి పోలీసులు మాత్రమే కారణం కాదు. 1940లో ప్రభుత్వం అతన్ని శత్రుదేశీయుడిగా నిర్బంధించింది.

స్క్వాడ్ పేరు నిలబెట్టిన ఘటన 1948 జూలైలో జరిగింది. లండన్ విమానాశ్రయంలోని బంగారాన్ని, కాపలాదారుల టీలో మత్తుమందు కలిపి దోచుకోవాలని ఒక ముఠా పథకం వేసింది. ముందే సమాచారం అందిన డిటెక్టివ్‌లు విమాన సంస్థ సిబ్బంది వేషంలో స్పృహ తప్పినట్లు నటించి, ముఠా లోపలికి రాగానే పట్టుకున్నారు. 1963లో సుమారు 26 లక్షల పౌండ్ల రైలు దోపిడీ కేసులోనూ ఈ విభాగమే కీలకపాత్ర వహించింది.

6. ఇన్‌ఫార్మర్లు, అవినీతి

ఈ విజయాలకు ఆధారం ఇన్‌ఫార్మర్లు. ముఠా రహస్యం ముఠాలోని వాడికే తెలుస్తుంది. అందువల్ల డిటెక్టివ్‌లు నేరస్థులతో ఒకే బల్ల దగ్గర కూర్చోవలసి వచ్చేది. ఆ సంభాషణకు లెక్కాపత్రం ఉండేది కాదు. సమాచారం కొనడానికీ, మౌనం అమ్ముకోవడానికీ మధ్య గీత చెరిగిపోయింది.

1972లో స్క్వాడ్ అధిపతి కెన్నెత్ డ్రూరీ, లండన్‌లోని ఒక అశ్లీల సాహిత్య వ్యాపారితో కలిసి సైప్రస్‌లో సెలవులు గడిపినట్లు పత్రిక బయటపెట్టింది. జైలు నుంచి పారిపోయిన రైలు దొంగను వెతకడానికే వెళ్ళానని ఆయన చెప్పుకున్నాడు. 1977లో న్యాయస్థానం ఆయనకు అవినీతి నేరంపై 8 సంవత్సరాల శిక్ష విధించింది. సరిగ్గా వందేళ్ళ క్రితం, 1877లో, పందేల మోసగాళ్ళ నుంచి లంచం తీసుకున్న లండన్ డిటెక్టివ్‌లు దోషులుగా తేలారు. ఆ కుంభకోణం తరువాతే 1878లో నేర పరిశోధన విభాగాన్ని పునర్వ్యవస్థీకరించారు. పాఠం ఒకసారి నేర్చుకుంటే సరిపోదని దీనివల్ల తెలుస్తుంది.

కమిషనర్ రాబర్ట్ మార్క్ 1972లో పోలీసులపై ఫిర్యాదుల విచారణకు ప్రత్యేక శాఖను నెలకొల్పి, డిటెక్టివ్‌లను యూనిఫారం అధికారుల పర్యవేక్షణలోకి తెచ్చాడు. వందలాది అధికారులు ఉద్యోగాలు వదిలారు. 1978లో స్క్వాడ్‌ను సాయుధ దోపిడీలపై పనిచేసే విభాగంగా మార్చారు.

7. సారాంశం

మోటారు కారు పోలీసు హద్దులను చెరిపేసినప్పుడు, హద్దులు లేని బృందం అవసరమైంది. ఆ అవసరం నిజమైనదే, విజయాలూ నిజమైనవే. కాని ఏ డివిజన్‌కూ చెందని బృందం ఏ డివిజన్ అధికారికీ జవాబు చెప్పనవసరం లేకుండా పోయింది. నేటి నగరాల్లో ప్రత్యేక బృందాలను ఏర్పాటు చేసినప్పుడల్లా ఎంతమందిని పట్టుకున్నారని అడుగుతాం. వారి పనిని ఎవరు తనిఖీ చేస్తారన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యమని ఈ చరిత్ర చెబుతుంది.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. ఫ్లయింగ్ స్క్వాడ్ ఆవిర్భావానికి దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. ఇన్‌ఫార్మర్లపై ఆధారపడటం ఆ విభాగానికి బలమా, బలహీనతా? చర్చించండి.