టర్బోచార్జరు అసాధారణ శబ్దాలు

కారు టర్బోచార్జరు నుండి మామూలుగా వినబడే సన్నని ఈలకు భిన్నంగా వచ్చే కూత, బుస, గరగర వంటి ధ్వనులను టర్బోచార్జరు అసాధారణ శబ్దాలు అంటారు. వీటిలో కొన్ని గొట్టం బిగిస్తే సరిపోయే చిన్న లోపాలను, కొన్ని ఇంజనుకే ముప్పు తెచ్చే లోపాలను సూచిస్తాయి.

పనిచేసే విధానం

ఇంజను వదిలే పొగ వేగానికి టర్బైను చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు రెండవ కొసన ఉన్న కంప్రెసరు చక్రం గాలిని ఒత్తి ఇంజనులోకి పంపుతుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూచి ఈ పద్ధతికి 1905లో పేటెంటు పొందాడు. కార్లలో ఈ ఇరుసు వేగం నిమిషానికి లక్ష చుట్లు దాటుతుంది. చాలా టర్బోలలో ఇరుసు పలుచని ఆయిల్ పొరపై తేలుతూ తిరుగుతుంది. అందువలన ఆయిల్ తగ్గినా, మురికిపట్టినా బేరింగులు త్వరగా అరుగుతాయి.

శబ్దాలు - కారణాలు

* సైరను వంటి కూత: వేగంతో పాటు హెచ్చుతుంది. బేరింగుల అరుగుదల, చక్రం రెక్కలు దెబ్బతినడం దీనికి ముఖ్య కారణాలు.
* బుస: కంప్రెసరు నుండి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం చిరిగినా, క్లిప్పు వదులైనా, ఇంటర్‌కూలరు పగిలినా గాలి బయటకు పోతుంది. బండి లాగుడు కూడా తగ్గుతుంది.
* టక్‌టక్ ధ్వని: పొగ మార్గంలోని గాస్కెట్టు కాలిపోతే వస్తుంది. చల్లని ఇంజనులో ఎక్కువగా వినబడుతుంది.
* గలగల: వేస్ట్‌గేటు కీళ్ళు వదులైనపుడు వస్తుంది.
* గరగర: చక్రం గోడకు రాసుకుంటున్నదనడానికి గుర్తు. వెంటనే ఇంజను ఆపాలి.

యాక్సిలరేటరు వదలగానే బ్లో-ఆఫ్ వాల్వు చేసే "ఉష్" శబ్దం మాత్రం లోపం కాదు.

పరీక్ష

ఇంజను ఆపి, చల్లారిన తరువాత గాలి గొట్టం విప్పి కంప్రెసరు చక్రాన్ని వేలితో తిప్పి చూస్తారు. ఆయిల్ పొరపై తిరిగే ఇరుసు పక్కలకు కొద్దిగా కదలడం సహజం. చక్రం గోడను తాకితే టర్బోను బాగుచేయించాలి లేదా మార్చాలి.

ప్రమాదం

సీళ్ళు పాడయితే ఆయిల్ గాలితో కలిసి ఇంజనులోకి చేరుతుంది. డీజిల్ ఇంజను ఆ ఆయిల్‌నే ఇంధనంగా వాడుకుని, తాళం తిప్పినా ఆగకుండా అదుపు తప్పి పరుగెత్తవచ్చు. గాలి అందకుండా చేస్తే అది ఆగుతుంది. కూతతో పాటు నీలిరంగు పొగ కనబడితే ఆ బండిని నడపరాదు.

జాగ్రత్తలు

తయారీదారు సూచించిన రకం ఆయిల్ వాడి, గడువు ప్రకారం ఆయిల్‌ను, ఫిల్టరును మార్చాలి. వేగంగా నడిపిన తరువాత ఒకటి రెండు నిమిషాలు ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చి ఆపాలి. లేనిచో కదలని ఆయిల్ వేడికి మాడి బేరింగుల వద్ద పేరుకుంటుంది. కొత్త టర్బో బిగించే ముందు పాతది ఎందుకు చెడిందో కనిపెట్టాలి. ఆయిల్ గొట్టం పూడిక తీయకుండా బిగిస్తే కొత్తదీ అలాగే చెడిపోతుంది.