111 జీవో: చేవెళ్ల, మొయినాబాద్‌లలో గృహవసతి
1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996 మార్చి 8న వెలువడిన ఉత్తర్వు 111 జీవో. మొయినాబాద్, చేవెళ్ల సహా పలు మండలాల్లోని 84 గ్రామాలు దీని పరిధిలోకి వచ్చాయి. పరీవాహక ప్రాంతంలో నివాస కాలనీలను, కాలుష్య పరిశ్రమలను ఇది నిషేధించింది. ఇంజనీరింగ్, వైద్య కళాశాలలున్న మొయినాబాద్‌లో ఈ కట్టడి విద్యార్థులకు అద్దె గదులను కరవు చేసిందన్న అభ్యంతరం సబబే. అమెరికా విశ్వవిద్యాలయ పట్టణాల్లో స్థలానికి ఒకే ఇల్లన్న నియమంపైనా ఇదే విమర్శ ఉంది. అయితే అక్కడ నియమం కాపాడేది ప్రధానంగా వీధుల రూపాన్ని, ఇక్కడ జలాశయాలను. పైగా ఆంక్ష తొలగినంత మాత్రాన చవక ఇళ్లే వస్తాయనుకోలేం. నిషేధం ఉన్న కాలంలోనే ఇక్కడ ఫామ్‌హౌస్‌లు వెలిశాయి. డబ్బున్నవారి గిరాకీ ఎటు మొగ్గుతుందో అవే చెబుతాయి. 2022 ఏప్రిల్‌లో 69 జీవో, జలాశయాల నీటి నాణ్యత చెడకూడదన్న షరతుతో, ఆంక్షలను ఎత్తివేసింది. ఆ షరతు నిలవాలంటే మురుగుశుద్ధి ముందు రావాలి, గ్రామకంఠాల్లో అద్దె గదులకు తొలి అనుమతులు దక్కాలి.