గౌతమీ తీరమున గార కథ

కోటిపల్లి రేవున పడవ యెక్కి గౌతమిని దాటి వచ్చు యాత్రికులకు ముక్తేశ్వరమున క్షణముక్తేశ్వరుని ఆలయము తెలిసినంతగా ఆ యూరి పెరళ్ళలోని నీటి చరిత్రము తెలియదు. అది తెలిసికొనదగినదే యని నా యభిప్రాయము. పూర్వము కోనసీమలో ఏటినీటికిని నూతినీటికిని వినియోగములు వేరుగా నుండెను. త్రాగుటకును వంటకును ఏటినీటిని బిందెలతో మోసి తెచ్చుకొనుచు, పప్పును ఉడుకనీయక, సబ్బును నురుగనీయక బాధించు నూతినీటిని స్నానమునకును పెరటి మొక్కలకును విడిచిపెట్టుచుండిరి. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై మధ్య డెల్టా కాలువలలో గోదావరి పారిన పిమ్మట, ఏటికి దూరమైన లోగిళ్ళకు సైతము మంచినీరు చేరువయ్యెను. కాని వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో మరల నూయియే దిక్కు.

ఆ కాలపు ఇల్లాండ్రకు శత్రువు నీటిలోని సున్నము పేరుకొని కట్టు గార కాదు, బురద. వరదకాలమున ఎఱ్ఱనీరు వచ్చినప్పుడు చిల్లగింజను కడవ లోపలి ప్రక్కకు అరగదీసి నీటిని తేర్చుకొనుట తెలుగునాట చిరపరిచితమైన ఆచారము. దీనినే కతకఫలమని మనుస్మృతి పేర్కొన్నది. బిందెలకు చింతపండు పట్టించి, బూడిదతో, కొబ్బరిపీచుతో తోముట ప్రధానముగా ఇత్తడి మెఱుపుకొఱకే కాని సున్నమును వదల్చుటకు కాదు.

గార బెడద నీళ్ళు కాచు కాగునకే యుండెడిది. నేలలోనికి ఇంకు నీరు బొగ్గుపులుసు వాయువును గ్రహించి, మట్టిలోని సున్నపు అంశమును తనలో కరగించుకొనును. ఆ నీటిని కాచినప్పుడు వాయువు వెడలిపోగా, సున్నము నిలువ నీడలేక కాగు అడుగున పెచ్చుగా పేరుకొనును. పులిసిన మజ్జిగనో, బియ్యపు కడుగునీటిని పులియబెట్టిన కలినో రాత్రి పోసియుంచి ఉదయమున తోమినచో ఆ పెచ్చు సడలును.

ఈ వంటింటి పులుపుల మర్మమును విడదీసి చూపినవాడు స్వీడను దేశమున మందుల యంగడి నడపిన షీలె యను రసాయనజ్ఞుడు. చింతపండులోను నున్న టార్టారిక్ ఆమ్లమును అతడు ద్రాక్షసారాయపు మడ్డినుండి 1769లోను, పులిసిన పాలలోని ఆమ్లమును 1780లోను, నిమ్మరసములోని దానిని 1784లోను వేఱుచేసెను. మన అవ్వలు అతని పేరెన్నడును వినలేదు. అయినను మజ్జిగ నానబెట్టవలెననియు, చింతపండుతో గట్టిగా రుద్దవలెననియు వారెఱుగుదురు. అందులకు కారణమును లేకపోలేదు: మజ్జిగ పులుపు సున్నముతో కూడి యేర్పడు లవణము నీట కరగిపోవును, చింతపులుపు వలన నేర్పడునది సులభముగా కరగదు.

చేతిపంపులు, వాని వెనుక మోటారు బోరులు పెరటిలోనికి వచ్చి రేవుకు పోవు శ్రమను తొలగించినవి. అది స్త్రీలకు గొప్ప యుపకారమే, సందేహము లేదు. కాని ఒకప్పుడు మొక్కలకు విడిచిన భూగర్భజలమే నేడు కుళాయిలలోను, జల్లుస్నానపు గొట్టములలోను, నీళ్ళుకాచు విద్యుద్యంత్రములలోను ప్రవహించుచు, గారను కాగునుండి యింటినిండ వ్యాపింపజేసినది. చింతపండువలెనే ఇత్తడి మెఱుపుకై వాడిన నిమ్మచెక్క ఇట్లు సున్నముపై యుద్ధమునకు దిగినది.

ఇప్పుడు అంగడి యాసిడ్ సీసా శీఘ్రముగా పనిచేయునని చాలమంది నమ్ముచున్నారు. అది గారతోపాటు కుళాయి మెఱుగుపూతను గూడ తినివేయును, బ్లీచింగు పొడితో కలిసినచో ప్రాణాపాయకరమగు క్లోరిన్ వాయువును వెలువరించును. నిమ్మరసమున తడిపిన గుడ్డను కుళాయికి ఒక గంటసేపు చుట్టియుంచి, పీచుతో తోమి, మంచినీటితో కడిగి, పొడిగుడ్డతో తుడువుడు; పాలరాతి గట్టుపై మాత్రము ఆ రసమును పడనీయకుడు, రాయి చెడును.