కూలినా నష్టం లేని చోటు: కెర్నెల్ పరీక్ష నడిచిన దారి

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ తొలి యూనిక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టం మూలభాగం) రాసేనాటికి, అది నడవాల్సిన పీడీపీ-7 మీద రాసుకునేందుకు సరైన పనిముట్లు లేవు. జీఈ-635 అనే పెద్ద కంప్యూటర్ మీద అసెంబుల్ చేసి, ఫలితాన్ని కాగితపు టేపు మీదకు తీసుకుని, దాన్ని పీడీపీ-7 దగ్గరికి మోసుకెళ్లి ఎక్కించేవారు. తప్పు కనబడితే మళ్లీ మొదటికే. ఎడిటర్, అసెంబ్లర్, చిన్న షెల్ తయారయ్యాకే ఆ మోత తప్పింది. మామూలు ప్రోగ్రాం కూలితే సంగతి చూసుకోవడానికి కెర్నెల్ ఉంటుంది. కెర్నెలే కూలితే, ఏం జరిగిందో చెప్పే దిక్కు ఉండదు.

దీనికి విరుగుడు అప్పటికే ఐబీఎం కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్‌లో పుట్టింది. అక్కడి సీపీ-67 ఒకే యంత్రాన్ని అనేక యంత్రాలుగా చూపించేది. సీపీ-67 కొత్త రూపాన్ని అందులోని ఒక వర్చువల్ మెషీన్‌లో నడిపి, కూలనిచ్చి, కారణం వెతికేవారు. పక్కవాళ్ల పని ఆగేది కాదు. సిస్టం/370 వర్చువల్ మెమరీ హార్డ్‌వేర్ ఇంకా చేతికి రాకముందే, దాన్ని అనుకరించేలా సీపీ-67ను మార్చి, దాని మీదే రాబోయే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించారు. ఈ చరిత్ర మొత్తంలో ఇంతకు మించిన ఆలోచన నాకు కనిపించదు.

అయినా పీసీల ప్రపంచానికి అది చాలా ఆలస్యంగా చేరింది. 1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో కంపైల్ చేసి, అదే 386 పీసీని రీబూట్ చేసి లినక్స్‌ను పరీక్షించేవాడు. కూర్చున్న కొమ్మను నరుక్కునే పని అది. ఒకసారి మోడెంకు వెళ్లాల్సిన డయలింగ్ ఆదేశాలు హార్డ్ డిస్క్‌కు వెళ్లి, మినిక్స్ భాగం చెడిపోయింది. అప్పట్లో బగ్ వేటకు ప్రధాన ఆధారం కోడ్‌లో అక్కడక్కడ పెట్టుకునే ప్రింట్‌కే సందేశాలే. కెర్నెల్‌లోనే డీబగ్గర్ ఉండాలన్న వాదనను 2000లో టోర్వాల్డ్స్ గట్టిగా తోసిపుచ్చాడు. కోడ్‌ను లోతుగా అర్థం చేసుకోవాలన్నది ఆయన పట్టు. ఆ పట్టుదల మంచిదే. కానీ తెలియని హార్డ్‌వేర్‌తో కుస్తీ పట్టేవారికి అదొక్కటే సరిపోదు. అలాంటి డీబగ్గర్ కేజీడీబీ చివరికి 2008లో అసలు కెర్నెల్‌లోకి వచ్చింది.

ఈలోగా దారి మారింది. జెఫ్ డైక్ రాసిన యూజర్ మోడ్ లినక్స్, కెర్నెల్‌నే మామూలు ప్రోగ్రాంలా నడిపింది. 2003లో, యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌లోనే అనుకరించే ఫాబ్రిస్ బెల్లార్డ్ క్యూఈఎంయూ వచ్చింది. 2007లో కేవీఎం లినక్స్‌లో చేరాక వర్చువల్ మెషీన్ దాదాపు అసలు యంత్రమంత వేగం అందుకుంది. ఇప్పుడు మార్పు రాసి, కంపైల్ చేసి, క్యూఈఎంయూలో బూట్ చేసి చూడటం రోజువారీ పని. కెర్నెల్‌ను మధ్యలో ఆపి, బయటి నుంచి జీడీబీ అనే డీబగ్గర్‌తో లోపలికి తొంగిచూడవచ్చు.

బూట్ చేయడం చవకయ్యాక కొత్త పద్ధతులకు బలం వచ్చింది. ఒక్కో లినక్స్ విడుదలలో 10,000కు పైగా మార్పులుంటాయి. గిట్ బైసెక్ట్ ఆ వరుసను సగం సగం చేస్తూ పోతుంది కాబట్టి, సుమారు 14 బూట్లలో తప్పు తెచ్చిన మార్పు దొరుకుతుంది. 2015లో చేరిన కాసాన్ అనే పరికరం మెమరీ తప్పును అది జరిగిన క్షణంలోనే పట్టిస్తుంది. గూగుల్‌లో దిమిత్రీ వ్యూకోవ్ మొదలుపెట్టిన సిజ్‌కాలర్, మనిషికి తట్టని సిస్టం కాల్ వరుసలను రాత్రింబవళ్లు వర్చువల్ మెషీన్ల మీదకు వదులుతుంది. కెర్నెల్ కోసమే రాసిన యూనిట్ టెస్ట్ పరికరం కేయూనిట్ మాత్రం 2020లో గాని చేరలేదు. ఇంత ఆలస్యం జరగకుండా ఉండాల్సింది.

అయితే హార్డ్‌వేర్‌ను నడిపించే డ్రైవర్లు రాసేవారి కష్టం పూర్తిగా తీరలేదు. క్యూఈఎంయూ అనుకరించని చిప్ మీద పని చేయాలంటే ఆ బోర్డు, సీరియల్ కేబుల్ నేటికీ కావాలి. అందుకే కెర్నెల్‌సీఐ, వేర్వేరు ల్యాబుల్లోని అసలు బోర్డుల మీద కొత్త కెర్నెళ్లను ఆటోమేటిక్‌గా బూట్ చేయిస్తోంది.