కావలికి ముట్టిన జీతము

కంచెయే చేను మేసినదని మనవారు సామెతగా చెప్పుకొందురు. కంచెకు చేనునే జీతముగా వ్రాసి యిచ్చినచో నేమగునో తెలిసికొనగోరువారు హైదరాబాదు నగరమున పైగా ప్రభువుల చరిత్రను పరికింపవలెను.

'పైగా' యన్న మాట వినగానే తెలుగువాని చెవికి 'అంతేకాక' యను నర్థము తోచుట సహజము. ఇది పారసీక పదము. పదవి యనియు, గుఱ్ఱపుసాల యనియు దీనికి అర్థములు గలవు. నిజాము స్వీయరక్షణకు నియుక్తమైన సైన్యమును పోషించు భారము వహించిన కతమున ఆ కొలువు పేరే వంశమునకు పేరై నిలిచినది. అయినను, బిరుదు మీద బిరుదు, జాగీరు మీద జాగీరు వచ్చి చేరిన ఆ యింటికి మన తెలుగు అర్థమును తగకపోలేదు.

మొదటి నిజామైన అసఫ్ జా కొలువున నుండిన అబుల్ ఖైర్ ఖాను ఈ వంశమును దక్కనున నిలిపినవాడు. ఆయన కుమారుడు అబుల్ ఫతే ఖాను తేగ్ జంగు, రెండవ నిజామైన నిజాం అలీఖాను (1762–1803) కాలమున సేనానియై 'షమ్సుల్ ఉమ్రా', అనగా ప్రభువర్గమునకు సూర్యుడు, అను బిరుదము నందెను. నెలనెలా సిపాయికి రొక్కము లెక్కించి యిచ్చునంతటి నిండు బొక్కసము ఆనాటి రాజులకు అరుదు. కనుక గ్రామములను విడదీసి సేనానికి అప్పగించి, వాని శిస్తుతో గుఱ్ఱములకు దాణాయు, రౌతులకు జీతమును, ఆయుధములకు మరమ్మతును తానే చూచుకొనవలెనని శాసించుట పరిపాటి. ఈ ఏర్పాటున నొక సూక్ష్మము కలదు. గుఱ్ఱముల సంఖ్య దాదాపు స్థిరము. భూమి ఫలసాయము మాత్రము తరతరమునకు పెరుగును. యుద్ధములు తగ్గిన కొలది కావలి వ్యయము సన్నగిల్లి, మిగులు లావై, ఆ మిగులే కాలక్రమమున మేడలై, తోటలై, మసీదులై నగరమున పాగా వేసినది.

తేగ్ జంగు కుమారుడు ఫక్రుద్దీన్ ఖాను నిజాం అలీఖాను కుమార్తెయగు బషీరున్నీసా బేగమును పెండ్లాడెను. ద్వారము వెలుపల నిలువవలసిన వంశము ఈ వివాహముతో అంతఃపురమునకు చుట్టమైనది. ఆ బేగము పేర వెలసినదే నేటి బేగంపేట. షమ్సుల్ ఉమ్రా బిరుదము నుండి పుట్టినదే శంషాబాదు. ఖగోళ గణితాదులయందు ఆసక్తి గల ఫక్రుద్దీన్ ఖాను ఐరోపా శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి అనువదింపజేసి, తన ముద్రణాలయముననే అచ్చు వేయించెను. అశ్వదళ నాయకుని యింట అచ్చుయంత్రము చప్పుడు చేయుట ఆ మిగులు ధనమునకు దొరికిన ఉత్తమ వినియోగములలో నొకటి.

తరువాతి తరములవారు ఆస్మాన్ జాహీ, ఖుర్షీద్ జాహీ, వికారుల్ ఉమ్రాహీ అని మూడు శాఖలై, దాదాపు 4,000 చదరపు మైళ్ళ జాగీరులను తమ కచేరీలతో, తమ పోలీసులతో ఏలుకొనిరి. వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించిన ఫలక్‌నుమా మేడ తేలు ఆకృతిలో నుండును. దాని భోజనశాలలో 101 మంది ఒకే బల్లకు కూర్చుండవచ్చును. ఆ శతాబ్దము ముగియక ముందే ఆ మేడ ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను వశమయ్యెను. కాపరికి ముట్టిన భూమి మేడ రూపమున తిరిగి యజమాని చేతికే చేరినది.

కాపరి ప్రభువైన పిదప అతనికిని కాపరి కావలసివచ్చెను. నగరమందలి ప్రభువుల దేవిడీల వాకిళ్ళలో నడుమున జంబియా యను బాకు దోపుకొని పహరా యిచ్చినవారు అరబ్బులు. యెమెను దేశమందలి హద్రమౌతు నుండి సముద్రము దాటి వచ్చినవారు. వీరికి భూమి కాదు, రొక్కము ముట్టెడిది. ఆ రొక్కమును వారి నాయకులగు జమేదారులు వడ్డీకి త్రిప్పిరి. బాకీ తీర్చని ప్రభువు గడపలో తమ సిపాయిలనే కూర్చుండబెట్టి వసూలు చేసిరి. నిన్నటి వఱకు రక్షణకై నిలిచిన బల్లెము నేడు బాకీకై నిలిచినప్పుడు లోపలివాడు రక్షితుడో బందీయో చెప్పుట కష్టము. 1853లో దివాను పదవికి వచ్చిన మొదటి సాలార్ జంగు చేపట్టిన కార్యములలో ఈ జమేదారుల బలమునకు కళ్ళెము వేయుట ముఖ్యమైనది.

వారిలో ఉమర్ బిన్ అవద్ అల్ కుఐతీ యను జమేదారు హైదరాబాదులో కూడబెట్టిన ధనముతో స్వదేశమున బలము పెంచుకొనగా, ఆయన వంశమువారు హద్రమౌతులో సుల్తానులై, 1967 వఱకు రాజ్యమేలిరి. మూసీ యొడ్డున కాచిన కావలికి ముట్టిన జీతము అరేబియా తీరమున సింహాసనమైనది!

1948 సెప్టెంబరులో నిజాము రాజ్యము భారతదేశమున చేరినది. 1949 ఆగస్టులో జాగీరుల రద్దు శాసనము వెలువడినది. భూమి పోగానే పైగా అన్న మాటకు ఆధారము పోయినది. సంతోష్‌నగరు చేరువనున్న పైగా ప్రభువుల సమాధుల ప్రాంగణమునకు పోయి చూచినచో, సున్నపు గచ్చుతో మలచిన జాలీలు కనబడును. రాతిలో చెక్కినంత సన్నని పని; ఒక పలకలోని అల్లిక మరియొక పలకలో కానరాదు. ఉదయపుటెండ ఆ రంధ్రముల గుండా దూరి సమాధులపై నక్షత్రపు నీడలు పరచును.

అక్కడి నుండి దక్షిణముగా కొంత దూరము పోయిన బర్కస్ వచ్చును. అరబ్బు సిపాయిల బారకాసులే నోట నలిగి బర్కస్ అయినవి. రొక్కపు జీతము తిన్నవారి వంశజులు నేటికిని లుంగీలు ధరించి ఆ వీధులలో తిరుగుచున్నారు; వారి పూర్వుల మర్ఫా వాద్యము నేడు హైదరాబాదులో ఏ మతమువారి పెండ్లి ఊరేగింపునందైనను మ్రోగుచున్నది. జీతముగా వచ్చిన భూమి ఒక్క శాసనముతో పోయినది. జీతము కొఱకు వచ్చిన మనుష్యులు మాత్రము ఊరివారై నిలిచిపోయిరి.